చల్లబడ్డ అరచెయ్యి

బేస్‌బాల్ ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్. ఒక్క పరుగు ముందున్నాం. మూడు బేసుల మీదా వాళ్ల మనుషులే, పరుగుకి సిద్ధంగా. మా పిచర్ జెయిసన్ వేసిన చివరి రెండు బంతులూ, బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ దాకా వెళ్లకుండానే నేలను తాకాయి.

నేను లేచి, పిచర్ నిలబడి బంతి వేసే మట్టిదిబ్బ దగ్గరికి నడిచాను. వెనక నుంచి ఊరంతా అరుస్తోంది. "కూర్చో ఎలాదియో! కుర్రాణ్ణి వెయ్యనీ!"

చెయ్యి ఎలా ఉందని పిచర్‌ని అడిగి లాభం లేదు. నిజం చెప్పే పిచర్ ఇంకా పుట్టలేదు. అడగాల్సింది క్యాచర్‌ని.

"వాండీ, వీడి బంతి ఎలా వస్తోంది?"

"నిప్పు, కోచ్! నిప్పులా వస్తోంది."

చెబుతూనే వాండీ స్టాండ్స్ వైపు చూశాడు. అమెరికా క్లబ్ మనిషి అక్కడ నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాడు. ఆయన ఈ ఇద్దరినీ చూసి, నచ్చితే తీసుకెళ్లడానికే వచ్చాడు.

"గ్లవ్ తియ్యి."

"ఎందుకు కోచ్?"

"తియ్యరా!"

ఐదో ఇన్నింగ్స్‌లో జెయిసన్ బంతుల దెబ్బకి వాండీ అదే చేతిని ఐసు బకెట్లో ముంచి, అమ్మో అన్నాడు. అప్పుడది ఉడికించిన పీతలా ఎర్రగా ఉంది. ఇప్పుడు పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. వాపు దిగిపోయింది. జెయిసన్ చేతిలో జోరు లేదు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది వాండీకే.

జెయిసన్ చేతిలోంచి బంతి తీసుకున్నాను. వాడు బతిమాలాడు. "ఇంకొక్కణ్ణి, కోచ్. నాన్న చూస్తున్నాడు."

వాడి బదులు వచ్చినవాడి మూడో బంతిని కంచె దాటించారు. ఓడిపోయాం. నోట్‌బుక్ మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక లియోన్సియో వచ్చాడు. జెయిసన్ వాళ్ల నాన్న. నా కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ఇరవై రెండేళ్ల క్రితం మా ఊరు శాన్ పెద్రోలో వాణ్ణి మించిన పిచర్ లేడు, వాడి క్యాచర్‌ని నేను. ఇప్పుడు వాడి కుడి మోచెయ్యి సగం వరకే సాగుతుంది. చెరుకు మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటాడు.

"నా కొడుకు నోటి దగ్గర ముద్ద లాగేశావు కదా, బావా!"

"వాడి చెయ్యి అయిపోయింది, లియోన్సియో. ఇంకో పది బంతులు వేస్తే విరిగేది."

"వాండీ బాగుందన్నాడుగా!"

"అబద్ధం చెప్పాడు. పిచర్ని మార్చితే ఆట పోతుంది. ఆట పోతే ఆ అమెరికా మనిషి తనని కూడా చూడడని భయం."

"క్యాచర్ అలా చేస్తాడా? చేసేది మేనేజర్లు. అప్పటి మన మేనేజర్, ఆ ముసలి రదమేస్ నన్ను నాశనం చెయ్యలేదూ? ఒక్క మాట అడక్కుండా ఇంకో రెండు ఇన్నింగ్స్ వేయించాడు."

ముసలి రదమేస్ చనిపోయి ఆరేళ్లు. ఆయన శవపేటిక మీద లియోన్సియో ఉమ్మేశాడు. ఆ పేటిక మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. ఉమ్మి నా చేతి మీద కూడా పడింది. తుడుచుకుని నడిచాను. ఊరంతా తిట్టినా ఆయన చివరిదాకా నా పేరు ఎత్తలేదు.

"అడిగాడు," అన్నాను.

"ఏంటి?"

"అడిగాడు, బావా. దిబ్బ దగ్గరికి వచ్చి అడిగాడు. నువ్వు బూటు లేసు కట్టుకుంటున్నావు."

లియోన్సియో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ ఆట చూసిన క్లబ్ పిలిస్తే, ఆ వేసవిలో అమెరికా వెళ్లింది నేను. ఆరేళ్లు చిన్న ఊళ్లలో ఆడి, మోకాళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చాను. విమానాశ్రయానికి వచ్చి, వంకర చేత్తోనే నా సంచీ మోసింది వాడు.

"ఎవర్ని అడిగాడు?"

నా ఎడమ అరచెయ్యి తెరిచి వాడి ముందు పెట్టాను. ఆ రోజు ఇదీ చల్లగానే ఉంది.

"నిప్పులా వస్తోందన్నాను. నీ చెయ్యి విరిచింది రదమేస్ కాదు, లియోన్సియో. నేను."