నాన్న టోపీ మీద ఆరు కుట్లు

ఫోల్కర్ అటక గదిలో నలభై ఒక్క టోపీలున్నాయి. అన్నీ రెండో ప్రపంచ యుద్ధం చివరి రెండేళ్ళలో జర్మన్ రైల్వేవాళ్ళు పెట్టుకున్న ముదురు నీలం టోపీలే. తోలు దొరకని రోజులవి. ముందు అంచులు నొక్కిన అట్టతో చేశారు. కాసెల్ సంతలో అమ్మేవాళ్ళు టోపీ ముందుండే నాజీ బిళ్ళలో, గద్ద కాళ్ళ కింది స్వస్తిక మీద, చట్టానికి భయపడి కాగితం ముక్క అంటిస్తారు. ఇంటికొచ్చాక ఫోల్కర్ దాన్ని గోటితో నెమ్మదిగా ఊడదీస్తాడు. ప్రతిసారీ ఎవరి నిద్రో చెడగొడుతున్నట్టు ఉంటుంది.

ఒక్కటి మాత్రం కొన్నది కాదు. నాన్నది. యుద్ధం ముగియడానికి మూడు వారాల ముందు, బాంబులు పడి, ఆయన ఇంజను మీదే పోయాడు. తోటివాడు టోపీ తెచ్చిచ్చాడు. అమ్మ దాన్ని బీరువాలో పెట్టి, బతికినన్నాళ్ళూ ముట్టుకోలేదు. అప్పటికి ఐదేళ్ళవాడైన ఫోల్కర్‌కి మిగిలింది బొగ్గు వాసన, నెత్తిమీద ఒక చేతి బరువు. ఆ మనిషి గద్దను ఇష్టంగానే మోశాడా? బహుశా ఆ ఒక్క ప్రశ్న కోసమే మిగతా నలభై కొన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అక్క రోస్విత ప్లమ్ కేకు పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కింది.

"ఇంకా ఎన్ని టోపీలు కొంటావురా? ఉన్నది ఒక్క తల. దాని మీదా జుట్టు లేదు."

"నీ పింగాణీ పిల్లులకంటే నయమే అక్కా."

నవ్వుతూ నాన్న టోపీ అందుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఈ గద్ద ఎక్కడిదిరా?"

"నేనే పెట్టాను. అసలైనదే, నాన్న పోయిన ఏడాదిదే."

"నాన్న టోపీకి గద్ద లేదు. అది ఇంటికొచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు, బాగా గుర్తు. అక్కడ నల్లదారంతో కుట్లుండాలి. అమ్మ ఎప్పుడూ అంత వంకరగా కుట్టేది కాదు. అవేవి?"

ఫోల్కర్‌కి గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట, భూతద్దం కింద, ఆరు కుట్లు. తర్వాతి చేతులు చేర్చినదాన్ని తీసేసి టోపీని మొదటి రూపానికి తేవాలన్నది సేకరించేవాళ్ళ పద్ధతి. ఆ వికారపు కుట్టు చూసి నవ్వుకున్నాడు కూడా.

"పీకి పారేశాను. తర్వాతెవరో వేశారనుకున్నా."

"తర్వాతెవరురా? ఆయన పోయాక దాన్నెవరు ముట్టుకున్నారు?"

అంటే నాన్నే గద్దను పీకేసి, ఆ చిల్లులు కుట్టేశాడు. పట్టుబడితే ప్రాణాలకే ముప్పున్న రోజుల్లో, బతికుండగానే.

ఫోల్కర్ గద్దను ఊడదీశాడు. రెండు చిల్లులు కనిపించాయి. సూదిలో దారం ఎక్కించి కుట్టాడు. తిన్నగా వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టాడు. ఇంకా తిన్నగా వచ్చాయి.

"కళ్ళు మూసుకుని కుట్టు," అంది అక్క.

మూసుకున్నాడు. నేల మెల్లగా ఊగింది. పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు. సొరంగం. వేడి పొగ. ఎవరిదో పెద్ద చెయ్యి అతని వేళ్ళ లోపలికి దూరి, వణుకుతూ సూదిని నెట్టింది. కంగారుగా, వెలుతురు వచ్చేలోపు. చీకటిలో ఆ మనిషి ఊపిరి అతని చెవికి తగిలింది.

కళ్ళు తెరిచేసరికి ఆరు కుట్లు, ఆరూ వంకరే. కాసేపు చూసి, కత్తెర తీసుకుని కత్తిరించేశాడు.

"అయ్యో, ఎందుకురా? బాగా వచ్చాయిగా."

"ఇవి నావి అక్కా. నాకు భయం లేదు. ఆయన భయపడుతూ కుట్టాడు."

ఫోల్కర్ కత్తెర పెట్టేసి గద్ద బిళ్ళను అందుకున్నాడు. గుప్పిట్లో అది వెచ్చబడుతోంది.

"ఫుల్దా నది దాకా నడుద్దామా? దీన్ని పారేసొద్దాం."

"కేకు తిన్నాక," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.