ఏడు మెట్ల మచ్చ

పొద్దున తొమ్మిదింటికి స్టూడియో తలుపు తెరుచుకుందంటే ఆ వీధి వీధంతా మొటిమలు గడగడ వణికేవి. అబద్ధమనుకుంటే వెళ్లి అడగండి. మేడమీద ఒకటే గది. గోడకి తెల్లగుడ్డ, అటూ ఇటూ గొడుగు లైట్లు, మూల ఒక ముసలి కంప్యూటరు. దాని ముందు కూర్చునే ఆవిడని జనం ఫొటోలక్క అనేవారు. ఆవిడ మౌసు మీద చెయ్యి వేస్తే ఇరవై ఏళ్లనాటి పుట్టుమచ్చ కూడా మూటాముల్లే సర్దుకునేది. ఒక పహిల్వాను మూడు గడ్డాలతో వస్తే టీ చల్లారేలోపు రెండు గడ్డాలు తీసి పంపిన చెయ్యి అది. ఫొటోలో ఏది చెరిపితే, ప్రింటు ఆరేసరికి అది మనిషి ముఖం మీద కూడా చెరిగిపోయేది. వచ్చినవాళ్లు అద్దంలో ఓసారి చూసుకుని, తల దువ్వుకుని, కవరు పట్టుకుని మెట్లు దిగిపోయేవారు.

సాఫ్ట్‌వేరు మాత్రం ఉచితంది. ఉచితం అన్నాక దాని పేచీలు దానికుంటాయి. చేసిన పని వెనక్కి తిప్పే మీట మూడుసార్లే పనిచేస్తుంది. నాలుగోసారి నొక్కితే డబ్బు కట్టమని తెరంతా ఎర్రగా గుడ్లురుముతుంది. పని పొరలు పొరలుగా దాచుకోనివ్వదు. సేవ్ కొట్టగానే పైపొరా కిందిపొరా కలిపి ఒకటే చేసేస్తుంది. పైగా ప్రతి ఫొటోకీ కుడివైపు కింది మూల బూడిదరంగులో ‘ఉచిత ప్రతి’ అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర కూడా మనిషికి దిగేది, ఎడమ భుజం మీద. డాక్టరు చొక్కా పైకి లాగి, “ఓహో, ఫొటోలక్క దగ్గర తీయించారన్నమాట” అని, ఆ పక్కనే సూది పొడిచేవాడు.

అంతటి మొనగత్తె పసిపిల్లల్ని మాత్రం ముట్టుకునేది కాదు. “మీరే కూర్చోబెట్టండమ్మా, నా చేతులకి ఇంకుంది” అనేది. ఇంకు ఉండేది కాదు.

ఒకరోజు పదింటికి ఆవిడ తమ్ముడు టోపీ పెట్టుకుని వచ్చాడు. సిటీబస్సు డ్రైవరు. కుడి కనుబొమ దగ్గర మొదలై తలలోకి ఎక్కిపోయే లోతైన మచ్చ ఒకటి ఉంది అతనికి. దాని మూలాన కెమెరా కనబడితే గోడ చాటుకి పోయే రకం. పాత లైసెన్సు ఫొటోకి జుట్టు నుదుటి మీదికి దువ్వి గట్టెక్కాడు. ఇప్పుడా జుట్టు కూడా వెనక్కి జరిగింది.

“అక్కా, ఒక్కటే తియ్యి. వెనకాల తెల్లగా చెయ్యి, చాలు. నా ముఖం జోలికి వెళ్లకు.”

“నీ ముఖం జోలికి ఎవరెళ్తార్రా? కదలకుండా కూర్చో.”

ఫొటో తీయించుకుని అతను కొత్త లైసెన్సు ఫారం నింపడానికి కిందికి వెళ్లాడు. తెరమీద ఆ మచ్చ నాలుగింతలై ఆవిడ ఎదురుగా నిలబడింది.

తొమ్మిదేళ్లప్పుడు ఆవిడ చేసిన పని అది. అందరూ అదే చెప్పారు. రెండేళ్ల తమ్ముణ్ని ఎత్తుకుని మెట్ల మీద వదిలేసిందని అమ్మ చెప్పింది, నాన్న బెల్టు తీశాడు, చుట్టాలు వచ్చినప్పుడల్లా తలుచుకున్నారు. చేతుల్లోంచి ఆ బరువు జారడం ఆవిడకి ఇప్పటికీ గుర్తుంది. ఊరందరి మచ్చలూ చెరిపిన చెయ్యి ఈ ఒక్కదాన్ని వదిలేస్తుందా? చెంప మీది చర్మం కాస్త కాస్త తీసి మచ్చ మీద అద్దింది. అద్దాక సేవ్ కొట్టింది. కెమెరా కార్డులోంచి నేరుగా తెరిచిన ఫొటో కాబట్టి, ఆ సేవ్ అసలు ఫొటో మీదే పడింది.

తమ్ముడు కవరు విప్పి చూడలేదు. జేబులో పెట్టుకుని, అమ్మకి అన్నం పెట్టే వేళయిందని ఇంటికి పరిగెత్తాడు.

అమ్మకి చూపు పోయి ఆరేళ్లు. పోయినేడు నుంచి మతి కూడా నిలవడం లేదు. గొంతుల్ని నమ్మదు. రోజూ కొడుకు నుదుటి మీద వేలు పెట్టి, మచ్చని ఈ కొస నుంచి ఆ కొసకి తడిమి, “ఆఁ, నువ్వే” అన్నాకే నోరు తెరుస్తుంది. అన్నమైనా, గుండె మాత్రయినా అంతే.

ఆ మధ్యాహ్నం వేలు నుదుటి మీద జర్రున జారింది. ఇంకోసారి తడిమింది. మళ్లీ జారింది.

“ఎవడ్రా నువ్వు? నా కొడుకు గొంతు ఎత్తుకొస్తావా? పో బయటికి!”

ఆ కేకకి నాలుగు వీధుల అవతల బస్సులు ఆగిపోయాయి. కంచం ఎగిరి గోడకి తగిలింది. తమ్ముడు అద్దంలో చూసుకుని, చెప్పులు మరిచిపోయి, రోడ్డు మీద పరిగెత్తాడు.

“అక్కా! ఏం చేశావు నువ్వు?”

“బాగుంది కదరా...”

“అమ్మ నన్ను పొమ్మంది! మాత్ర మింగలేదు. రెండు పూటలు తప్పితే గుండెకి మంచిది కాదని డాక్టరు చెప్పలేదా?”

ఫొటోలక్క ముఖం వెనకాల వేలాడే గుడ్డ కంటే తెల్లబడింది. వెనక్కి తిప్పే మీట నొక్కింది. సేవ్ అయిపోయిన ఫొటోలో తిప్పడానికేముంది? గుండ్రటి బ్రష్షు తీసుకుని నాలుగు గీతల్లో మచ్చ గీసి, ఈసారి సేవ్ కొట్టకుండానే ప్రింటు తీసింది. తమ్ముడు దాంతో ఇంటికి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

“ఇది తీగలా ఉందట. నా కొడుకుది కాదు అంటోంది.”

ఆవిడ మీట మూడుసార్లు నొక్కింది. మూడు గీతలు పోయాయి. నాలుగోది పోలేదు. ఈ రోజుకీ అతని కనుబొమ పక్కన కామా లాంటిది ఒకటి ఉంటుంది.

“డబ్బు కట్టి పెద్దది కొనవే అక్కా! నేనిస్తాను.”

“ఇప్పుడు కొని ఏం లాభంరా? ఒకసారి కలిసిపోయిన పొర మళ్లీ విడిపోదు.”

నాలుగున్నరకి, తల పట్టుకుని కూర్చున్న ఆవిడకి ఒకటి కనిపించింది. సాఫ్ట్‌వేరు తెరవగానే కనబడే, ఈమధ్య చూసిన ఫొటోల వరసలో, పొద్దున మొదట తెరిచినప్పటి తమ్ముడి బొమ్మ గోరంత మిగిలి ఉంది. మచ్చతో సహా. దాన్ని కోసి ఇరవై రెట్లు పెంచింది. ఉచితం కదా, నున్నగా పెంచడం దానికి చేతకాదు. మచ్చ మెత్తటి గీతగా రాలేదు. చదరాలు చదరాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చింది.

“ఇదేంటక్కా, గళ్లగుడ్డలా?”

“ఇంతకంటే లేదురా.”

ప్రింటు ఆరింది. తమ్ముడి నుదుటి మీద చర్మం గట్లు గట్లుగా లేచింది. ఈసారి ఇద్దరూ వెళ్లారు. అక్క గుమ్మం దాటలేదు.

అమ్మ వేలు నుదుటి మీద పడింది. కింది గట్టు దగ్గర ఆగింది.

“ఒకటి” అంది. వేలు ఎక్కింది. “రెండు... మూడు...” తమ్ముడు తల ఇంకాస్త వంచాడు. “ఆరు. ఏడు. మన పాత ఇంటి మెట్లు.” ముసలి ముఖం విప్పారింది. “నువ్వేరా! పొద్దుణ్నుంచీ ఎక్కడ చచ్చావు?”

తమ్ముడు ఏడుస్తూనే మాత్ర నోట్లో పెట్టాడు. అమ్మ నీళ్లు తాగింది. వేలు మాత్రం నుదుటి మీంచి తీయలేదు.

“ఏడూ దొర్లావురా. మీ అక్క ఇంట్లో లేదు అప్పుడు, నీళ్లకి వెళ్లింది. నేనే ఎత్తుకున్నాను నిన్ను. కునుకు పట్టి చెయ్యి వదిలేశాను. మీ నాన్న బెల్టు తీసేసరికి పిల్ల పేరు చెప్పేశాను. చిన్నపిల్ల, మరిచిపోతుందిలే అనుకున్నాను.”

తమ్ముడు తలుపు వైపు తిరిగాడు.

“దానికి చెప్పకు” అంది అమ్మ.

గుమ్మంలో ఫొటోలక్క తన అరచేతులు చూసుకుంటోంది. ముప్పై ఒక్కేళ్లుగా ఆ చేతుల్లోంచి జారుతున్న బరువు కోసం వెతికింది. లేదు. ఎప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున ఒక తల్లి చంకలో పసివాడితో, చేతిలో సంచీతో వచ్చి స్టూడియో మెట్ల కింద ఆయాసపడుతూ నిలబడింది. ఫొటోలక్క పైనుంచి చూసి, గబగబా దిగి, చేతులు చాపింది.

“ఇంకు అంటుతుందేమోనమ్మా” అంది తల్లి. ఆ మాట వీధంతటికీ తెలిసిందే.

“ఇంకు లేదు” అంటూ ఫొటోలక్క రెండు అరచేతులూ తిప్పి చూపించింది. పసివాణ్ని ఎత్తుకుని మెట్లెక్కింది.