ఎత్తు బత్తెం

పొద్దున్నే చాయ్ తాగి, కేబుల్ చుట్ట భుజాన తగిలించుకుని, హఫ్సా పిట్టగోడ మీంచి తీగ మీదికి అడుగేసింది. గురజాలలో జనం రోడ్డు మీద పనికి పోతారు, హఫ్సా తీగ మీద పోతుంది. ఆమె నడిస్తే తీగ ఊగదు. చిన్నప్పట్నుంచీ అంతే.

"ఏమే హఫ్సా, వడియాల మీద నీ నీడ పడనీయకు," కింద నుంచి వెంకాయమ్మ. "వచ్చేటప్పుడు ఆ మూల చిక్కుకున్న నా జాకెట్టు పట్రా."

"అట్నే పిన్నీ."

ఊరికి ఇందులో వింతేమీ లేదు. వింతంతా కాంట్రాక్టరు బసవయ్య లెక్కలోనే. కనెక్షనుకు రెండొందల యాభై, స్తంభం ఎక్కినందుకు ఎత్తు బత్తెం ఇంకో నూట యాభై. పెట్రోలు పనోళ్ళదే, నిచ్చెన పనోళ్ళదే, లైనిచ్చిన వారంలోపు నెట్టు ఆగితే కూలిలో కోత. హఫ్సాకు మాత్రం బత్తెం లేదు.

"పడని మనిషికి ఎత్తేంది అమ్మాయ్?" అన్నాడు బసవయ్య, చేరిన రోజే.

రెండేళ్ళు ఆ మాట మింగింది. అదే ఆమె చేసిన తప్పు. మొన్న సోమవారం బసవయ్య అందరికీ బత్తెం ఎత్తేశాడు. "హఫ్సా రెండొందల యాభైకే లాగట్లా? మీకేమన్నా కొమ్ములున్నాయా?"

ఆ రోజు నుంచి, తనతోపాటు లైన్లు లాగే కాలేబు ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఇవాళ మిర్చి కోల్డ్ స్టోరేజీకి లైను. మధ్యాహ్నం లోపు ఇవ్వకపోతే పని మాచర్ల వాళ్ళకు పోతుంది. గాలి గట్టిగా ఉంది. అవతలి స్తంభానికి కాలేబు నిచ్చెన ఆనించి, కట్టకుండానే ఎక్కుతున్నాడు. పదిహేనేళ్ళుగా నిచ్చెన పైకొసను తాడుతో స్తంభానికి బిగించాకే పని మొదలుపెట్టే మనిషి.

"అన్నా, తాడు కట్టుకో," తీగ మీంచి అంది హఫ్సా.

"కట్టుకుంటా కూర్చుంటే రోజుకు రెండిళ్ళు తగ్గుతాయి. నీ రేటుకు నాకు పూట గడవొద్దా?"

కాలేబు ఇంకో మెట్టెక్కాడు. గాలి తోసింది. నిచ్చెన పక్కకు జారింది.

హఫ్సా తీగ మీద పరిగెత్తింది. కాలేబు మణికట్టు దొరకబుచ్చుకుని లాగింది. అతని పాదాలు తీగకు తగిలాయి. నిచ్చెన దబ్బున రోడ్డు మీద పడింది. కాసేపటికి ఆమె మెల్లగా చెయ్యి వదిలింది. కాలేబు పడలేదు. తీగా ఊగలేదు.

పని చూడ్డానికి వచ్చిన బసవయ్య కింద నుంచి తలెత్తి చూశాడు. "మంచిదే. ఇక బత్తెం గొడవ నీక్కూడా తీరింది కాలేబూ. కానీయండి, టైమవుతోంది."

కాలేబు హఫ్సా వంక చూశాడు. వారం తర్వాత ఆమె వంక చూడటం అదే మొదలు. తర్వాత తీగ మీద చతికిలబడ్డాడు. ఆమె పక్కనే కూర్చుని కేబుల్ కొసను ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్విచ్చేది కేబుల్ లాగినందుకా బాబాయ్, పడబోయినందుకా?" అంది.

"దిగండి ముందు."

"నువ్వే ఎక్కు. కొస ఇక్కడుంది."

కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను మోగింది. బసవయ్య ఎత్తలేదు. మళ్ళీ మోగింది. నిచ్చెన లేపి, ఆనించి, ఎక్కడం మొదలుపెట్టాడు. ఐదో మెట్టు దాకా తిట్టాడు. ఎనిమిదో మెట్టు దగ్గర కిందికి చూశాడు. రెండు చేతులూ నిచ్చెనను కరుచుకున్నాయి. పైకీ రాలేదు, కిందికీ పోలేదు. గాలికి నిచ్చెన కిర్రుమంది.

"ఎత్తుందా బాబాయ్?" అడిగింది హఫ్సా.

"ఉంది."

"ఎవరికి?"

బసవయ్య చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. "అందరికీ. నీక్కూడా. దిగినాక రాస్తా."

"దిగితే ఎత్తుండదు. ఇక్కడే రాయి."

కూలి లెక్కలు రాసే చిట్టీల పుస్తకం జేబులోనే ఉంది, పెన్నూ ఉంది. చెయ్యే రావట్లేదు. ఒక వేలు వదిలి మళ్ళీ పట్టుకున్నాడు.

కాలేబు నడుముకున్న తాడు విప్పాడు. తీగ మీంచి వంగి నిచ్చెన పైకొసను స్తంభానికి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, ఊపి చూశాడు.

"ఇప్పుడు రాయి బాబాయ్," అన్నాడు. "చెయ్యి వదిలినా పడవు."