చేతికి ఎముక లేని పిల్ల

ఐదో శనివారం కూడా ఉల్లిపాయలు ఆమే తరిగింది. నలభై మందికి కూర. వృద్ధాశ్రమం వంటగదిలో ఉన్నది ఒక్కటే చాకు, అదీ మొండిది. కళ్లు మండితే మోచేత్తో తుడుచుకుంది. ఈ నెల రోజుల్లో ఏడవడానికి ఆమెకు దొరికిన మంచి సాకు అదొక్కటే.

వండుతానని మాటిచ్చింది ఆమె కాదు, పదిహేనేళ్ల కూతురు. వాళ్ల కాలనీలో ఇంటికి రెండు కార్లు. పిల్లలకు డబ్బు విలువ తెలియడం లేదని పెద్దలు బెంగపడి, రిటైరైన బ్యాంకు మేనేజరు చేత ఆదివారం పాఠాలు పెట్టించారు. ఆయన మంచి మాటలే చెప్పాడు. "ఏదైనా కొనే ముందు మూడు రోజులు ఆగండి. నాన్న కార్డు గీకి ఇస్తే అది నాన్న దానం. మీ సొంతది ఇవ్వండి. ఏమీ లేకపోతే మీ సమయం ఇవ్వండి." కూతురు కొత్త బూట్ల కోసం మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు కొంది. ఎవరేం ఇస్తారో రాయమని ఆయన పంచిన కాగితం మీద మాత్రం ధారాళంగా రాసింది: ప్రతి శనివారం వృద్ధాశ్రమంలో వంట. నెల రోజులు మాట నిలబెట్టుకున్న వాళ్లకు అవార్డు ఇస్తానన్నాడు ఆయన.

మొదటి వారం తల్లి ఎలా వండాలో చూపించడానికి తోడు వెళ్లింది. కూతురు గరిట పట్టుకుని ఫొటో దిగింది. రెండో వారం పరీక్ష. మూడో వారం స్నేహితురాలి పుట్టినరోజు.

"అమ్మా, నువ్వు ఖాళీయే కదా! వచ్చేవారం నేనే వెళ్తా, ఒట్టు."

ఖాళీ. ఆ ఇంట్లో ఆమెకున్న పేరు అదే. పెళ్లికి ముందు ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసింది. అక్కడ ఎవరూ ఆమెను ఖాళీ అనలేదు. పదహారేళ్ల తర్వాత ఆ ల్యాబు వాళ్లే శనివారాలు రమ్మన్నారు, నెలాఖరులోగా చెప్పమన్నారు. ఆ సంగతి చెబితే భర్త ఫోన్లోంచి తలెత్తలేదు. "శనివారం పాప సేవ ఉందిగా. అవార్డు వచ్చే సమయంలో దాని పరువు తీస్తావా?" అత్తగారు అందుకుంది. "ఇంట్లో వండే చెయ్యే అక్కడా వండుతుంది. అరిగిపోతుందా ఏం?" ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ గరిట ఫొటో చూపించి, "మా మనవరాలి చేతికి ఎముక లేదు" అని మురిసిపోయేది. నిజమే, ఎముక లేనిది మనవరాలి చేతికే. అరిగినవి కోడలి ఎముకలు. కూతురు వేసిన ఒట్టు నమ్మి ఆమె వారం వారం ఆగింది. ఒట్టు తీసి గట్టున పెట్టడం ఆ పిల్లకు తండ్రి దగ్గర అబ్బిన విద్య.

గిన్నెలు తోమి, చేతులు కొంగుకు తుడుచుకుని, వరండాలో నిలబడి ల్యాబుకు ఫోన్ చేసింది.

"నెలాఖరు నిన్ననే కదా మేడమ్. వేరే అమ్మాయిని తీసుకున్నాం."

సరేనంది. థాంక్స్ కూడా చెప్పింది. అలవాటు.

ఇంటికి రాగానే కూతురు అవార్డు ఫారం పట్టుకుని ఎదురొచ్చింది. అన్నీ తనే నింపింది. మిగిలింది తల్లి తన చేత్తో రాయాల్సిన ఒక్క గడి, దాని కింద సంతకం.

"త్వరగా అమ్మా, రేపు క్లాసులో ఇవ్వాలి. సమయం అని రాయి, చాలు. అబ్బా, ఉల్లిపాయ కంపు!"

"రాసేయ్, ఒక్క మాటేగా" అన్నాడు భర్త సోఫాలోంచి.

పదహారేళ్లుగా చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఈసారి ముందు ప్రశ్న చదివింది. "మీ అమ్మాయి తనకున్న వాటిలో ఏది ఇచ్చింది?"

కలం తీసుకుంది. సంతకం ముందే పెట్టేసింది. తర్వాత గడిలో ఒక్క మాటే రాసింది.

"నన్ను."