మిమి పెట్టని సంతకం

గల్ఫ్‌లో, అల్ వుకైర్‌లోని ఒక విల్లాలో దయమ్మ, తర్సినీ తొమ్మిదేళ్లు కలిసి పనిచేశారు. వంట దయమ్మది. ఇల్లు సర్దడం, బట్టలు, మేడమ్ చిన్న కూతురు శిఫా ఆలనాపాలనా తర్సినీది. దయమ్మ గోదావరి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో పుట్టిన మనిషి. తర్సినీది ఇండోనేసియా, జావా ఉత్తర తీరంలో చేపలు పట్టుకునేవాళ్ల పల్లె.

మొదట్లో ఇద్దరూ వంటింటి అరబ్బీలో మాట్లాడుకునేవారు. దయమ్మ ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడుతుంటే విని విని తర్సినీ తెలుగు పట్టేసింది. "అక్కా, కూరలో ఉప్పు మాఫీ" అని, లేదనడానికి అరబ్బీ మాట కలిపి మొదటిసారి అన్నప్పుడు దయమ్మ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పిల్ల దయమ్మ యాసతో సహా మాట్లాడసాగింది.

తర్సినీ ఇక్కడి జీతంతో ఊళ్లో ఇల్లు కట్టించింది. స్థలం తల్లి పేరున ఉంది. తల్లిని వాళ్లు మిమి అంటారు. ఇల్లు కట్టినప్పుడు సముద్రం అరమైలు దూరంలో ఉండేదట. తర్వాత రొయ్యల చెరువుల గట్లు తెగాయి, నీళ్లు వీధిలోకి వచ్చాయి, వచ్చినవి పూర్తిగా వెనక్కి పోవడం మానేశాయి. ఏటా రెండు బళ్ల మట్టి పోయించి ఇంట్లో నేల ఎత్తు చేసేవారు. గోడలూ పైకప్పూ అలాగే ఉండేవి. కిటికీలు మోకాళ్ల దగ్గరికి వచ్చాయి.

ఒక శుక్రవారం వీడియో కాల్లో మిమి గదిలోంచి గదిలోకి వంగి నడుస్తుంటే దయమ్మ చూసింది.

"మీ అమ్మకి నడుం వంగిపోయిందే."

"కాదక్కా, నడుం బాగానే ఉంది. నిలబడితే తల దూలానికి కొట్టుకుంటుంది."

వీధిలో నలభై ఇళ్లుండేవి. వెళ్లిపోయేవాళ్లు తలుపులూ కిటికీలూ పెంకులూ ఊడదీసుకుని పోగా ఏడు మిగిలాయి. మిమి ఇంటి నుంచి రోడ్డు దాకా వెదురు బద్దలతో కాలిబాట కట్టుకున్నారు. తాగే నీళ్ల డబ్బా ఆ బాట మీదుగానే రావాలి. మిమితో పాటు తర్సినీ చెల్లెలు కస్మినీ, ఆమె ఇద్దరు పిల్లలు ఉండేవారు.

కిందటి ఏడు సెప్టెంబరులో అధికారులు ఒక కాగితం తెచ్చారు. ఊరికి లోపలగా, సముద్రానికి దూరంగా కాలనీ కడుతున్నారు. మిగిలిన ఏడు కుటుంబాలకీ అందులో ఇళ్లు ఇస్తారు. బదులుగా పాత స్థలం సముద్రంలో కలిసిపోయిందనీ, దాని మీద తమకి ఇక ఏ హక్కూ లేదనీ సంతకం పెట్టాలి. కస్మినీ పెట్టేద్దామంది. మిమి వద్దంది. రోజూ అదే గొడవ. చివరికి మిమి, "ఇల్లు కట్టింది పెద్దపిల్ల. అది ఎలా చెబితే అలా" అంది.

తర్సినీ ఆ మాట వంటింట్లోకి మోసుకొచ్చింది. దయమ్మ హమూర్ చేప తోముతోంది.

"ఏం చెప్పమంటావక్కా?"

దయమ్మ చేప పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. ఈ తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

"మా నాన్నకి కొబ్బరితోట ఉండేది. ఒడ్డు కోసుకుపోయి చెట్టు తర్వాత చెట్టు సముద్రంలో పడిపోయింది. రెవిన్యూ వాళ్లు వచ్చి, ఇంక ఇక్కడ నేల లేదయ్యా అని పాసు పుస్తకంలో కొట్టేసి, నాన్న చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ రోజు అన్నం తినలేదు. మళ్లీ ఆ ఒడ్డు వైపు పోలేదు. మనిషి మనిషిలా లేడు. సంతకం పెట్టొద్దని చెప్పు. నీళ్లు ఇవాళ వచ్చాయి, రేపు పోవచ్చు. కాగితం పోతే మళ్లీ రాదు."

తర్సినీ అదే ఫోన్లో చెప్పింది. అవతల మిమి సంతోషంగా నవ్వడం దయమ్మకీ వినిపించింది. పదిహేను రోజుల తర్వాత కస్మినీ పిల్లల్ని తీసుకుని భర్త చుట్టాల ఇంటికి వెళ్లిపోయింది. మిమి ఒక్కతే మిగిలింది. వేసవిలో వచ్చేసి తనే తోడుంటానని తర్సినీ ఆమెకి మాటిచ్చింది. మేడమ్‌కి కూడా చెప్పేసింది, ఏప్రిల్లో కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోతానని.

జనవరిలో ఒక పొద్దున్న, తొమ్మిదింటికి, దయమ్మ గుడ్లు పొరటు చేస్తోంది. తర్సినీ పక్క గదిలో అబాయాలు ఇస్త్రీ చేస్తోంది. ఫోన్ మోగింది. తర్సినీ మాట్లాడిన మాటలు రెండో మూడో. తర్వాత ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసింది, సగంలో ఉన్న అబాయా మడత పెట్టింది, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మిమి పోయిందక్కా."

తెల్లవారుజామున పోటు ఎక్కువగా వచ్చిందట. మిమి నీళ్ల డబ్బా కోసం వెదురు బాట మీద నడిచింది. ఒకచోట బద్దలు విరిగిపోయి ఉన్నాయి. ఆ బాట మీద పొద్దున వేరే ఎవరూ రాలేదు. అక్కడి మధ్యాహ్నం, అంటే ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికి, చేపల పడవ వాళ్లు ఆమెని నీళ్లలో చూశారు.

మేడమ్ అప్పటికప్పుడు టికెట్ తీసింది. డ్రైవర్ రాజేశం కారు తెచ్చాడు. అతనిది జగిత్యాల వైపు. దయమ్మ వెనక సీట్లో తర్సినీ పక్కన కూర్చుంది. దారిలోనే కస్మినీ వీడియో కాల్ చేసింది. ఈ విమానం చేరేదాకా ఆగరు, సాయంత్రంలోగా మట్టి చేసేస్తారు.

ఫోన్లో మొదట పడవ కనిపించింది. అందులో తెల్లగుడ్డ చుట్టిన మిమి. ఊరి శ్మశానం మూడేళ్ల కిందటే నీళ్లలో మునిగింది. తర్సినీ తండ్రి సమాధి అందులోనే ఉంది. అందుకని రోడ్డు దాకా పడవలో తెచ్చి, అక్కడి నుంచి లోపలి ఊరికి మోసుకెళుతున్నారు.

కారు కుదుపులకి బొమ్మ కదిలిపోతోంది. దయమ్మ ఫోన్ పట్టుకుంది.

"బండి పక్కకు ఆపమంటవా అక్కా?" అన్నాడు రాజేశం. "ఫ్లయిట్‌కు ఇంకా మస్తు టైం ఉన్నది."

పెట్రోల్ బంకు దాటాక ఒక ఖాళీ జాగాలో ఆపాడు. ముగ్గురూ కారులోనే కూర్చుని ఫోన్ చిన్న తెరలో గొయ్యి చూశారు. ఎర్రమట్టి. పక్కనే ఎవరిదో అరటితోట.

"ఆ జాగ ఎవలది?" అని మెల్లగా అడిగాడు రాజేశం.

"తెలీదు. ఆ ఊరివాళ్లు ఇచ్చారు" అంది తర్సినీ. మళ్లీ తనే, "మేం ఎవరమో కూడా వాళ్లకి తెలీదు" అంది.

రాజేశం కారు దిగి అటు తిరిగి నిలబడ్డాడు. మట్టి వేయడం అయిపోయేదాకా లోపలికి రాలేదు.

తర్సినీ ఇరవై రోజులకి తిరిగి వచ్చింది. మనిషి సగమైంది. వచ్చిన మర్నాడే పనిలో పడింది. దయమ్మ ఆ ఇరవై రోజులూ సరిగా నిద్రపోలేదు. ఒక మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక తర్సినీని వంటింట్లో కూర్చోబెట్టింది.

"సంతకం వద్దని నేనే చెప్పాను."

"అవునక్కా. నువ్వు చెప్పావు. నేను మిమికి చెప్పాను. చెల్లి మాట ఇద్దరం వినలేదు."

"ఇంకో సంగతి ఉందే. మా నాన్న గురించి నీకు సగమే చెప్పాను. వేలిముద్ర వేశాక ఆయన పదకొండేళ్లు బతికాడు. కాలనీ ఇంటి అరుగు మీద కూర్చుని వలలు బాగుచేసేవాడు. సణిగేవాడు గానీ అన్నం బాగానే తినేవాడు. నా పెళ్లి చేశాడు. నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ రోజు నాకు ఆయన వేలికంటిన సిరా ఒక్కటే గుర్తొచ్చింది. మిగతాది గుర్తు రాలేదు."

తర్సినీ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"అది ముందే చెప్పాల్సింది కదక్కా."

"చెప్పాల్సింది. నా మీద కోపంగా ఉందా?"

"ఉంది" అంది తర్సినీ. "నా మీద ఇంకా ఎక్కువ ఉంది."

లేచి గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె దయమ్మతో తెలుగులో మాట్లాడలేదు. పనికి కావలసిన నాలుగు అరబ్బీ మాటలు, అంతే. శిఫా కూడా గమనించి, "మీరు పోట్లాడుకున్నారా?" అని అడిగింది. దయమ్మ లేదంది. నిజంగానే పోట్లాట ఏమీ జరగలేదు. పోట్లాడుకున్నా బాగుండేదని ఆమెకి అనిపించేది. ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేసుకుందామని కళ్లు మూస్తే వెదురు బాటే కనిపించేది.

మార్చిలో అధికారులు మళ్లీ కబురు చేశారు. తక్కిన ఆరు కుటుంబాలూ సంతకాలు పెట్టేశాయి, మిగిలిన ఇల్లు ఇదొక్కటే. వారసులు ఇద్దరూ ఒప్పుకోవాలి. తన బదులు చెల్లెలే సంతకం పెట్టేందుకు తర్సినీ ఇక్కడి వాళ్ల ఎంబసీలో అధికారపత్రం రాసివ్వాలి. మేడమ్ గురువారం సగం రోజు సెలవిచ్చింది. తర్సినీ అబాయా వేసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగింది.

"వస్తావా?"

తెలుగులోనే అడిగింది. దయమ్మ పొయ్యి కట్టేసి బయలుదేరింది.

ఎంబసీ హాల్లో ఇనుప కుర్చీలు. చుట్టూ తర్సినీ లాంటి ఆడవాళ్లే. ఆమె పేరు పిలిచారు. అద్దం వెనక గుమాస్తా కాగితం పైకి చదివాడు. ఆ భాష దయమ్మకి ఒక్క ముక్క తెలియదు. అయినా మిమి పూర్తి పేరు వచ్చినప్పుడు తర్సినీ భుజాలు కదలడం చూసి, అదే పేరై ఉంటుందనుకుంది. తర్సినీ పెన్ను తీసుకుని తొందర లేకుండా, పిల్లలు బళ్లో రాసినట్టు అక్షరం అక్షరం దిద్ది సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర వేశాడు. ఐదు నిమిషాల పని.

రాజేశం వచ్చేదాకా ఇద్దరూ పక్కనున్న టీ కొట్లో కరక్ చాయ్ తీసుకుని నిలబడ్డారు.

"పదిహేడో నంబరు ఇల్లట. అక్కడికి సముద్రం వినపడదట" అంది తర్సినీ.

"ఎవరుంటారు?"

"నేనూ చెల్లీ పిల్లలూ."

"మీ అమ్మకి దగ్గరేనా?"

"నడిచి వెళ్లొచ్చు." కప్పులోకి చూస్తూ, "సమాధి ఉన్న జాగా ఆ అరటితోట ఆయనదేనట, ఇంకా డబ్బేమీ అడగలేదక్కా. స్థలానికి కాగితం రాసిమ్మంటే, దేనికమ్మా అన్నాడు" అని, అప్పుడు ఏడ్చింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆమె ఏడవడం దయమ్మ చూడలేదు. భుజం మీద చెయ్యి వేయబోయి, వేయవచ్చో లేదో తెలియక, ఆమె చేతిలోంచి ఒలుకుతున్న చాయ్ కప్పు అందుకుంది.

ఏప్రిల్ నెలాఖరున తర్సినీ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టుకి మేడమ్, శిఫా వెళ్లారు. దయమ్మ గేటు దాకా వచ్చి ఆగింది. వెళ్లేముందు తర్సినీ ఆమె చేయి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. పెద్దవాళ్లకి వాళ్లు అలా చేస్తారు.

ఇప్పుడు తర్సినీ పనికి కొత్త మనిషి. తర్సినీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది, శిఫా కోసం. శిఫా అరగంట కబుర్లు చెప్పి, చివర్లో ఫోన్ తెచ్చి దయమ్మ చేతికిస్తుంది.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నానే. నువ్వు?"

"బాగున్నా."

ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ అలాగే చెవికి ఆనించుకుని ఉంటారు. అటు పిల్లల అల్లరి, కోడి కూత వినిపిస్తాయి. ఇటు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు, పనుంది, ఉంటానంటారు.