ఏడుపు రాని ముంజిర్

అలా కాదు మనవరాలా, ఏడవడమంటే అంత తేలికనుకున్నావా? రాసుకో, చెబుతా.

మన బస్రాలో ముతక ఉన్ని కట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని ఏడ్చే భక్తులు ఉండేవారు. వాళ్ల గురువు షేక్ అబూ సుమామా. ఆ గుంపులో తానూ ఒకడు కావాలని పడవ నడిపే ముంజిర్‌కు మహా కోరిక. అల్లా మీద ప్రేమ ఉంది, ఉన్ని అంగీ ఉంది, దాని దురదా ఉంది. కన్నీళ్లే లేవు. పైగా పక్కవాళ్లు వెక్కి వెక్కి ఏడుస్తుంటే అతనికి నవ్వొచ్చేది.

"ఈ శుక్రవారం కూడా నీ కళ్లు తడవకపోతే, వెళ్లి పడవ నడుపుకో నాయనా" అనేశారు షేక్.

దిగులుగా ఇంటికొచ్చాడు. భార్య ఖులైదా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు. నువ్వేమో ఏరికోరి వాళ్ల దగ్గరికే పోతున్నావు కదయ్యా!" అంది.

ముంజిర్ వినడం లేదు. ధారగా కారుతున్న ఆమె కళ్లనే చూస్తున్నాడు.

శుక్రవారం నమాజయ్యాక, అంగీ చేతి మడతలో ఉల్లిచెక్క దాచుకుని మసీదులో కూర్చున్నాడు. ముఖం తుడుచుకుంటున్నట్టు కళ్లకు రాసుకున్నాడు. ఇంకేముంది, కాలువలు కట్టాయి! పక్కనున్న హౌషబ్‌కూ ఘాటు తగిలింది. ఏళ్ల తరబడి తల వంచుకుని ఉత్తి మూలుగులతో నెట్టుకొస్తున్న మనిషాయె. "వచ్చాయి! అల్లా, నాకూ వచ్చాయి!" అని కేక పెట్టాడు.

షేక్ ముక్కు ఎగబీల్చారు. "ఎవరయ్యా ఉల్లిపాయ తినొచ్చింది? ఆ కంపుతో మసీదులోకి రాకూడదని తెలీదూ?"

"తినలేదండీ" అన్నాడు ముంజిర్. "ఏడ్చానంతే."

కంగారులో ఉల్లిచెక్క జారి, దొర్లుకుంటూ పోయి షేక్ మోకాలికి తగిలింది. ఏడ్చే భక్తులంతా గడ్డాలు ఊగేలా నవ్వారు.

"బయటికి నడు. దీన్నీ తీసుకుపో" అన్నారు షేక్.

ముంజిర్ గుమ్మం బయట, చెప్పుల మధ్య కూలబడ్డాడు. దేవుడి దగ్గరా దొంగ ఏడుపేనా! ఇక ఏ మొహంతో లోపలికి పోతాడు? పసివాడిలా బావురుమన్నాడు.

షేక్ గుమ్మంలోకొచ్చారు. "ఇంకా పారెయ్యలేదా ఆ ఉల్లిపాయ?"

"ఎక్కడుందండీ... మేక తినేసింది."

షేక్ చెప్పుల పక్కనే ఉన్న మేకను చూశారు. అది ఇంకా నములుతోంది. ముంజిర్‌ను చూశారు. ముక్కూ కళ్లూ ఏకమై ఉన్నాయి.

"అయితే లోపలికి రా. ఆగాగు, ముందు చేతులు కడుక్కో! ఆ మేకని మాత్రం రానివ్వకు."

అంతే, రాశావా? కూఫా వెళ్లినప్పుడు మీ మేనత్తకి ఇది చదివి వినిపించమ్మా. నవ్వొస్తే ఆపుకోవద్దని కూడా చెప్పు.