పక్కింటి రొట్టెల చప్పుడు

"అన్నా, నువ్వు మాట్లాడుతుంటే ఎనుకనుంచి తప తప అని ఏందన్నా గా చప్పుడు" అని లైవ్‌ల ఎవలో అడిగిండ్రు. నిరంజన్ తడుముకోలేదు. పండ్లన్ని కనవడేటట్టు నవ్వి, "పక్కింట్ల రొట్టెలు కొడుతున్నరు" అన్నడు.

ఆ పక్కిల్లు ఏదో కాదు, నడిమింటికి ఆనుకొని ఉన్న సొంత వంటిల్లే. జొన్నరొట్టెలు కొడుతున్నది ఆయన పెండ్లాం స్వరూప. చేతులు పిండి మీద, చెవుల ఇయర్‌బడ్డు, నోట్ల మాట. ఆ మాట ఫోన్ల పోయి, నడిమింట్ల నిరంజన్ జేబుల రెండో ఫోన్లకెల్లి చెవుల పడ్తది, ఆయన నోట్ల నుంచి ఎల్లి లోకమంత తిరుగుతది. "పక్కింట్ల" అన్న మాట మాత్రం ఆమె చెప్పింది కాదు. ఛానల్ పెట్టినకాణ్నుంచి ఆయన సొంతంగ చెప్పిన మాట ఏదన్న ఉన్నదంటే గదొక్కటే.

పెబ్బేరు సంతకు పోయే తొవ్వల నిరంజన్‌కు ఫోన్ల దుకాణం ఉన్నది. పొద్దుగాల ఇంటి పని, పగటీలి దుకాణంల పని, రెండూ స్వరూపయే. గిరాకీల ఫోన్లకు గాలి బుడగ పడకుండ గ్లాసులు అంటించుడు ఆమెకు వచ్చినంత బాగ నిరంజన్‌కు రాదు. జీతం ముచ్చట ఎత్తితే, "ఇంటి మనిషికి జీతమేంది, రేపు అన్నం పెట్టినందుకు గూడ బిల్లు ఇస్తవా" అని నవ్విండు. నవ్వినంక చేసేదేమున్నది. ఆయన నవ్వి తీసేసిన ముచ్చట మళ్ల ఎత్తితే, ఇంట్ల గయ్యాళి ఎవలో ఊరంత తేల్చేస్తది.

దుకాణంల గిరాకీ లేని యాల్ల ఫోన్ల కథలు చూసుడు ఆమెకు అలవాటైంది. థాయ్‌లాండువి, కొరియావి, జపానువి. ఇద్దరు మగపిల్లలు ఒకరినొకరు ప్రేమించుకునే కథలు. మొదటిది చేతికి పొరపాటున తగిలింది. చూద్దామా వద్దా అనుకుంటనే పొద్దుమీకె వరకు చూసింది. ఏం నచ్చిందని ఎవలన్న అడిగితే సిగ్గుపడేది గని, లోపల ఆమెకు బాగ తెలుసు. గా కథలల్ల కోడలు లేదు. పొయ్యి కాడ నిలవడేది మగోడే, కూసుండి తినేది మగోడే. ఒకడు రొయ్యల పొట్టు తీసి ఇంకొకని పళ్లెంల ఏస్తడు. తిన్నంక ఇద్దరు కలిసి బోళ్లు కడుగుతరు. రాత్రి కొట్లాట అయితే తెల్లారి ఒకడు తలుపు కాడ నిలవడి తప్పు ఒప్పుకుంటడు. ముద్దుల కంటే స్వరూపకు గా రొయ్యల పొట్టే ఎక్కువ నచ్చింది. ఒక మగోని చేతులు ఇంకొకరి కోసం అట్ల పని చేస్తుంటే చూసుడు ఆమెకు పుట్టి బుద్ధెరిగినంక గదే మొదలు.

అట్లని ఊకె మెచ్చుకునే రకం గాదు. దుకాణంల కూసొని నిరంజన్‌కు చెప్తుండె. "చూడు, గీళ్లకు వాన పడితె చాలు ప్రేమ పుడ్తది. ముద్దు పెట్టుకునేటప్పుడు ఇద్దరు కట్టెల లెక్క నిలవడ్డరు. సబ్బుల కంపెనీ పైసలిచ్చినట్టున్నది, ఏడ్చేటప్పుడు గూడ చేతుల సబ్బు పట్టుకున్నడు." నిరంజన్ అప్పటికే ఫోన్ల గురించి వీడియోలు చేసి చేసి అలిసిపోయిండు. చూసినోడు లేడు. ఒకనాడు ఊసుపోక స్వరూప చెప్పిన ముచ్చట్లే తన మొకం పెట్టి చెప్పిండు. తెల్లారెవరకు ఆయన మొకమే మారిపోయింది. హాస్టళ్లల్ల ఆడపిల్లలు, ఊరు పేరు చెప్పని మగపిల్లలు, ఎక్కడెక్కడోళ్లో చూసిండ్రు. గప్పటినుంచి ఆయన డ్రామా అన్న.

మొదట్ల ఆమె చెప్పింది కాగితం మీద రాసుకొని చదివిండు. "అన్న చూసి చదువుతుండు" అని పిల్లలు ఎక్కిరిచ్చిండ్రు. అందుకే చెవుల యంత్రం. ఇగ ఆమె చెప్పుడు, ఆయన అనుడు. "నడుమ ఒక పిల్లను తెస్తరు, ఆమెను దుర్మార్గురాలిని చేస్తరు, చెంపదెబ్బ కొట్టి పంపిస్తరు. ఆడదాన్ని తక్కువ చెయ్యకుంటె ఇద్దరు మగోళ్ల ప్రేమ నిలవడదా? నేనైతే గసొంటి కథను నమ్మ" అని స్వరూప రొట్టె తిప్పుకుంట చెప్తే, నిరంజన్ చెయ్యి ఎదమీద పెట్టుకొని అన్నడు. ఆ రోజు వచ్చిన పొగడ్తలు స్వరూప గూడ చదివింది. నీ అసొంటి మగోడు దొరికిన వదిన అదృష్టవంతురాలు అన్నా, అని రాసింది ఒక పిల్ల.

అదృష్టవంతురాలు గప్పుడు ఆయన తిన్న పళ్లెం ఎత్తుతున్నది.

అత్త యాదమ్మకు కొడుకు లైవ్ అంటే పండుగ. గడప కాడ కూసొని, "నా కొడుకు నోట్ల సరస్వతి ఉన్నది" అని మురుస్తది. వంటింట్ల సరస్వతిని చూసి మాత్రం, "వాడు గంత ముద్దుగ మాట్లాడుతుంటె నీ గొణుగుడేంది పిల్లా, నోరు మూసుకొని రొట్టెలు కొట్టరాదు" అంటది.

హైదరాబాదుల ఆ కథలు చూసేటోళ్లంత ఒక్కకాడ కలుస్తున్నరు, డ్రామా అన్నకు శాలువ కప్పుతరంట. వదినను గూడ తీస్కరా అన్నా, అని లైవ్‌ల అడిగిండ్రు. "ఆమెకు గివన్ని ఏం సమజైతయి. సీరియలు పెట్టుకొని కూసుంటది" అన్నడు నిరంజన్. ఆ మాట ఆయన నోట్ల నుంచి స్వరూప చెవులకే సక్కగ వచ్చింది. ఇయర్‌బడ్డు పెట్టుకున్న పాపానికి వినక తప్పలేదు.

ఆ రోజు ఆయన అన్నం తినేటప్పుడు అడిగింది. "ఒక్కపారి చెప్పరాదు. మా ఇంటామె చెప్తది, నేను అంటున్న అని. గంతే. ఇంకేం వద్దు నాకు."

నిరంజన్ ముద్ద ఆపలేదు. "నీకు దిమాగున్నదా? మగోడు చెప్తే ఎంత పెద్ద మనసు అంటరు. ఆడిది గా ఆడంగి కథలు చూస్తదని తెలిస్తే ఏం మనిషో అంటరు. ఇజ్జత్ పోయేది నాది. నువ్వు రొట్టె కొట్టుకుంట నాలుగు ముచ్చట్లు చెప్తవు. వేలమంది ముంగట మొకం పెట్టి కూసునేది నేను. కష్టమెవలిదో నువ్వే చెప్పు. జర ఉప్పు ఇటియ్యి."

ఉప్పు ఇచ్చింది. ఇచ్చినందుకు తన చేతుల మీద తనకే కోపమొచ్చింది. అయినా గంతటితోని ఊకుంటుండెనేమో. ఇన్నేండ్లు ఊకున్నది గద. ఊకోనియ్యంది ఎర్రమట్టి.

ఎర్రమట్టి అన్నది ఒకాయన పెట్టుకున్న పేరు. గట్టు మండలం దిక్కు ఏదో బడిల సారు. ప్రతి లైవ్‌ల మర్యాదగ ఒక ప్రశ్న అడుగుతడు. ఆయన ఛానల్‌కు పెద్ద ముచ్చటే రాసి పంపిండు. ఆఖరి ఎపిసోడ్ల అమ్మానాయిన ఏడ్చి ఒప్పుకునే సీను మా ఊర్లె అయితే ఎవలు నమ్మరు అన్నా. నా ముచ్చట నేను ఇంతవరకు ఎవలకు చెప్పలేదు. నువ్వు మాట్లాడుతుంటే మాత్రం, మనసొంటోళ్ల ఇండ్లల్ల గూడ సమజ్ చేసుకునే ఒక్క మనిషన్న ఉంటడని నమ్మాలనిపిస్తది. గట్ల రాసిండు.

నిరంజన్ దాన్ని దుకాణంల బిగ్గరగ చదివిండు. పక్క ఇత్తనాల దుకాణపు జంగయ్య వచ్చి కూసున్నడు మరి, ఆయనకు నవ్వు పంచాలె గద. "ఇను జంగన్నా, మన గట్టుల గూడ ఉన్నరంట గిసొంటోళ్లు. నన్ను నమ్మిండంట." ఇద్దరు తొడలు చరుచుకొని నవ్విండ్రు. గొంతు ఆడోళ్ల లెక్క చేసి నిరంజన్ మళ్ల చదివిండు. స్వరూప ఒక గిరాకీ ఫోన్‌కు గ్లాసు అంటిస్తున్నది. బుడగ పడ్డది. ఎన్నడు పడనిది పడ్డది. పీకి పారేసి కొత్త గ్లాసు తీసింది. ఆ సారు నమ్మింది నిన్ను కాదు, నన్ను. నా మాటను నమ్మిన మనిషిని, నా మాటతోనే దగ్గరికి పిలుచుకొని, నా ముంగటనే ఎక్కిరిస్తున్నవు. ఉండు, నీ సంగతి చెప్త అనుకున్నది. రెండో గ్లాసు సక్కగ అంటింది.

ఏం చెయ్యాలెనో ఆలోచించుడు పెద్ద కష్టమేం కాలేదు. నిరంజన్‌ను ఆమె ఏ సిరీస్‌ను చూడనంత శ్రద్ధగ చూసింది. నీళ్ల చెంబు అందకుంటే వంటింటి దిక్కు తిరిగి అరుస్తడు. అంగీ గుండీ ఊడితే అరుస్తడు. చేతికి అందాల్సింది అందకుంటే ఆయన నోట్ల నుంచి ఏమొస్తదో ఆమెకు ఎపిసోడ్‌తో సహా ఎరుక.

హైదరాబాదు పోయే ముందు పెద్ద లైవ్ పెట్టిండు. ఈ ఏడాది నమ్మబుద్ధయిన ప్రేమ ఏది, నమ్మబుద్ధికానిది ఏది, అని. కొత్త అంగీ, స్వరూప ఇస్త్రీ చేసిందే. యాదమ్మ గడప కాడ కూసున్నది. స్వరూప పెనం పొయ్యి మీద పెట్టి, తన ఫోన్ల లైవ్ పెట్టి, చప్పుడు బంద్ చేసి, పిండి డబ్బాకు ఆనిచ్చింది. రొట్టెలు మొదలువెట్టింది, మాటలు మొదలువెట్టింది. ఆ రోజు చెప్పినంత బాగ ఆమె ఎన్నడు చెప్పలేదు. డబ్బున్నోడు లేనోడు కథలు ఇగ చాలు అన్నది. "నాకు మగోళ్లంటే ఇష్టం లేదు, నువ్వంటేనే ఇష్టం" అని తప్పించుకునే మాట రాసేటోళ్లకు ధైర్యం లేదన్నది. ప్రేమ మాటలు అయిపోయినంక చేతులు ఏం చేస్తున్నయో చూడాలె, గదే యాక్టింగు అన్నది. నిరంజన్ అన్నీ అన్నడు. పొగడ్తలు వానలెక్క కురుస్తున్నయి.

గప్పుడు ఎర్రమట్టి ప్రశ్న వచ్చింది. "అన్నా, ప్రేమ గురించి మంచిగ మాట్లాడేటోడు నిజంగనే అట్లాంటోడా కాదా అని ఎట్ల గుర్తు పట్టాలె?"

"మస్తు ప్రశ్న అడిగిండు ఎర్రమట్టి" అని నిరంజన్ తల ఊపిండు. ఊపుకుంటనే చెవుల పడే మాట కోసం ఎదురుచూసిండు.

స్వరూప ఫోన్ కట్ చేసింది. రొట్టె కొట్టుడు గూడ ఆపింది. చెయ్యి అట్లనే పిండి మీద పెట్టి నిలవడ్డది.

నిరంజన్ నవ్వుతనే ఉన్నడు. చెవి సవరించుకున్నడు. "ప్రేమంటే… ఇగ… ప్రేమనే గద" అన్నడు. నీళ్లు తాగిండు. చెవిని రెండుపార్ల తట్టిండు. ఏమైందన్నా, ఆగిపోయిందా అని రాస్తున్నరు. పక్కింట్ల రొట్టెలు అయిపోయినయా అన్నా, అని ఎవలో రాసిండ్రు. నిరంజన్ గబుక్కున లేచి ఫోన్ కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టిండు. ఫోన్లు అమ్మేటోడే, కెమెరా ఒకకాడ, మైకు ఒకకాడ ఉంటదని గిరాకీలకు చెప్పేటోడే. ఆ యాల్లకు యాదికి రాలేదు. వంటింటి దిక్కు తిరిగిండు.

"ఓయ్, నోట్ల మన్ను కొట్టుకున్నవానే? చెప్పవేంది? ఇంతమంది చూస్తున్నరు. గా ఆడంగోళ్ల కథలు నాకేమెరుక, నువ్వు చెప్తేనే గద నేను అనేది. దరిద్రపుదానా, చెప్పు."

అని, చెయ్యి తీసి, అంగీ సర్దుకొని, మళ్ల నవ్వుకుంట కూసున్నడు. "సారీ, నెట్టు జర పరేషాన్ చేస్తున్నది" అన్నడు.

స్వరూప ఫోన్ల రాతలు ఆగినయి. తర్వాత దభదభ వచ్చినయి. నిరంజన్ వంగి చదువుకున్నడు. చదువుతుంటె చదువుతుంటె మొకంల నవ్వు ఏడ పెట్టాల్నో తెల్వక అట్లనే మిగిలింది. వంటింట్ల ఎవలు అన్నా. ఇన్ని రోజులు చెప్పింది ఎవలు. మమ్ముల ఏమన్నవు, మళ్ల అను. యాదమ్మకు చదువు రాదు గని, కొడుకు అరిచింది మాత్రం విన్నది. కొడుకు దిక్కు ఒకపారి, కోడలి దిక్కు ఒకపారి చూసింది. సరస్వతి ఎక్కడున్నదో గప్పుడు సమజైనట్టున్నది.

స్వరూప మళ్ల ఫోన్ కలిపింది. నిరంజన్ ఆత్రంగ ఎత్తిండు. ఆయన ఊపిరి ఆమె చెవుల గుప్పుమన్నది.

"నేను చెప్పింది చెప్పినట్టు అను" అన్నది నెమ్మదిగ. "నాది తప్పయింది స్వరూపా. గట్ల అను."

నిరంజన్ నోరు తెరిచిండు. ఇంతకాలం ఆమె మాట చెవుల పడుడే ఆలస్యం, నోట్ల నుంచి ఎల్లుతుండె. ఇయ్యాల ఎల్లలేదు. నోరు మూసుకున్నడు. ఇగ చాలనుకున్నది స్వరూప. ఆమె అనుకున్నదానికంటే బాగ చేసిండు. ఫోన్ కట్ చేసి, చెవుల నుంచి ఇయర్‌బడ్డు తీసి పీట మీద పెట్టింది.

పెనం మీద రొట్టె ఒకటి కాలింది. అదొకటి, ముందుగాల్ల చేసినయి, తన మందం, అత్త మందం సరిపోను ఉన్నయి. నిరంజన్ మందం పిండి పళ్లెంల అట్లనే ఉన్నది. దాని దిక్కు చూసి చూడనట్టు చెయ్యి కడుక్కున్నది. కొంగుకు తుడుచుకొని ఫోన్ చేతుల పట్టుకున్నది. లైవ్ ఇంక నడుస్తనే ఉన్నది, బంద్ చేసే తెలివి గూడ ఆయనకు లేకపాయె. స్వరూప తన పేరు మీదనే రాసింది, మొదటిపారి.

"ఎర్రమట్టి సార్, ఇన్ని రోజులు మీరు నమ్మిన మాటలు నావి. మీరడిగిందానికి జవాబు గూడ నేనే చెప్త. ప్రేమ గురించి మంచిగ మాట్లాడేటోడు ఎసొంటోడో తెల్వాలంటే, వాని ఎనుక రొట్టెల చప్పుడు ఆగినంక ఏం మాట్లాడుతడో వినాలె. ఇప్పుడు విన్నరు గద. ఇట్లు, పక్కింటి స్వరూప."